పరిమళ నడవని వీధి

నడక 1127. పోటు ఉదయం 10:40.

నాకు పరిమళ అంటే గిట్టదు. ఈ మాట బయట అంటే ఉద్యోగం ఊడుతుంది కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను. ఇప్పటికి పదకొండు వందల ఇరవై ఏడు సార్లు ఆమె జీవితాన్ని ఈ చివర నుంచి ఆ చివరదాకా నడిపించి చూపించాను. నూకరత్నం, నీ జీవితం కూడా కాస్త చూపించు అని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు.

ఈరోజు ముప్పై ఒక్క మంది. అందరికీ చూపుడద్దాలు పంచి, మాటల పెట్టె మెడలో వేసుకుని తపాలా ఆఫీసు దగ్గర మొదలుపెట్టాను. నేను ఏం మాట్లాడినా ఆ పెట్టె విని కంపెనీకి పంపుతుంది, నా గొంతు తప్ప ఇంకెవరి గొంతూ దానికి పట్టదు. తపాలా డబ్బా దగ్గర పరిమళ తన రాజీనామా ఉత్తరాన్ని ఇంటి ఓనరమ్మకీ, ఓనరమ్మను తిడుతూ రాసిన ఉత్తరాన్ని మేనేజరుకీ పోస్టు చేసింది. అద్దాలు పెట్టుకుంటే ఆమె డబ్బాలో చెయ్యి దూర్చి ఇరుక్కుపోవడం కళ్ళ ముందే కనబడుతుంది. వెనకనుంచి నవ్వులు కూడా వినబడతాయి. యాభై ఏళ్ళ కిందట నవ్విన వాళ్ళు, ఇప్పుడు ఎంతమంది ఉన్నారో, ఎంతమంది పోయారో. ఇవాళ్టి వాళ్ళు వాళ్ళతో కలిసి నవ్వుతారు.

మా గైడ్లకు ఒకటే నియమం. ‘సీరియల్లో’ అన్న మాట నోట రాకూడదు. ‘పైవాటా పరిమళ’ మూడు వందల పద్దెనిమిది ఎపిసోడ్ల హాస్య సీరియల్ అని అందరికీ తెలుసు. అయినా మేం మాత్రం ‘ఇక్కడే పరిమళ తప్పు బస్సెక్కింది’, ‘ఈ కొట్లోనే పరిమళ సోడా గోళీ మింగింది’ అనాలి. మొదట్లో నవ్వొచ్చేది. ఇప్పుడు నా పెళ్ళి తేదీ చెప్పమంటే తడుముకుంటాను గానీ పరిమళకు ఎన్ని పెళ్ళిచూపులు చెడిపోయాయో నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

మెట్ల సందు దగ్గర గోడ పని మొదలైంది. సముద్రం ఏటికేడాది పైకి వస్తోంది. ఇప్పటికే పాత విశాఖలో సగం పోటు సమయంలో నీళ్ళలో ఉంటుంది. మిగిలిన ఊరి చుట్టూ సర్కారు వారి గోడల బోర్డు వాళ్ళు గోడ కడుతున్నారు గానీ అన్ని వీధులూ అందులో పట్టవు. పరిమళ టిఫిన్ క్యారేజీ దొర్లిపోయిన నలభై ఒక్క మెట్లూ గోడ లోపలే ఉంటాయట. ఆమె గోళీ మింగిన కొట్టు కూడా లోపలే.

ఇంటికి వచ్చేసరికి మా ఉప్పుకొట్ల వీధి మొదట్లో దీపస్తంభానికి బోర్డు కాగితం అంటించి ఉంది. గోడ గీత గీయడానికి ఇంకా యాభై రెండు రోజులు. ఆలోపు వీధిలో పది లక్షల అడుగులు పడితే మేం గోడ లోపల, లేకపోతే బయట. చూడ్డానికి వచ్చినవాళ్ళ అడుగులే లెక్క, ఇంటివాళ్ళ అడుగులు లెక్కలోకి రావు. నేను నలభై ఏడేళ్ళుగా నడుస్తున్న వీధి అది. వీధి మొదట్లో నేలలో బిగించిన లెక్క పలక మీద అంకె చూశాను. మూడు వందల పన్నెండు. దారి తప్పి వచ్చినవాళ్ళవి అయి ఉంటాయి.

నడక 1129. పోటు మధ్యాహ్నం 12:05.

మా ఆయన సన్యాసిరావు నీళ్ళ పంపులు బాగుచేస్తాడు. ఈ ఊళ్ళో అంతకంటే తీరిక లేని పని ఇంకొకటి లేదు. మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు బోర్డు కాగితం సంగతి చెప్పాను.

“పది లచ్చలా?” అన్నాడు. “మన ఈధిలో సూడ్డానికి ఏటుందే? పరిమళ ఇటేపు ఒక్కపాలైనా రాలేదు కదా.”

“పరిమళ రాకపోతే వీధి కాదేటి?”

“నానేటన్నానే? ఆళ్ళు అలగ లెక్కేసుకుంటారు అన్నాను.” అన్నం కలుపుకుంటూ ఏదో గుర్తొచ్చినట్టు మొహం వెలిగింది. “అన్నట్టు ఈయేళ పరిమళ పుట్టినరోజు కదా! జనం బాగా వొచ్చుంటారు.”

వచ్చారు. యాభై ఇద్దరు. ఒకామె కేకు కూడా తెచ్చింది. నా పుట్టినరోజు పదకొండు రోజుల కిందట అయిపోయింది. ఆ రోజు ఈ మనిషి చారు బాగుందని రెండోసారి వేయించుకుని లేచి వెళ్ళిపోయాడు. నేను కూడా గుర్తుచేయలేదు, గుర్తుచేయించుకుని చెప్పే శుభాకాంక్షలు నాకు అక్కర్లేదు. కానీ పరిమళది గుర్తుందే అని ఒళ్ళు మండిపోయింది. లేని మనిషికి పుట్టినరోజేమిటి?

గోడ బయట పడ్డ వీధులవాళ్ళకు కొండ వెనక పెట్టెల్లాంటి ఇళ్ళు ఇస్తారు. ఒక్కో ఇల్లు ఒక్కో చోట. ఇరుగూ పొరుగూ కలిసి ఉండాలన్న పట్టింపు బోర్డుకు లేదు.

నడక 1134. పోటు ఉదయం 8:15.

నోరు జారాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పోటు అనుకున్నదానికంటే ఎత్తుగా వచ్చింది. మెట్ల సందుకు వెళ్ళే దారి మోకాలి లోతు నీళ్ళయింది. ముప్పై మందిని వెనక్కి తిప్పలేను, అందుకని మా వీధిలోంచి తీసుకెళ్ళాను. వీధి మధ్యకు వచ్చేసరికి ఒకామె అద్దాలు సర్దుకుంటూ, “ఇక్కడ ఏమీ కనబడ్డం లేదండీ. పరిమళకి ఇక్కడ ఏం జరిగింది?” అంది.

ఏమీ జరగలేదు అనాలి. అదే నిజం. కానీ పక్కింటి బంగారమ్మత్త అరుగు, దాని పక్కన సున్నం రాలిన మా ప్రహరీ, ఆ గోడ మీద చిన్నప్పుడు నేను గీసిన గీతలు, అన్నీ కళ్ళ ముందున్నాయి. వాటి ముందు నిలబడి ఏమీ జరగలేదు అనడానికి నాకు నోరు రాలేదు. పదకొండు వందల నడకల అలవాటు కదా, నోరు దాని దారిన అది పోయింది.

“ఇక్కడే పరిమళ సైకిల్ నేర్చుకుంది,” అన్నాను. “బ్రేకు పట్టుకోవడం తెలియక ఈ గోడకు గుద్దుకుంది. గోడ అవతల ఎండబెట్టిన అప్పడాల మీద పడింది. నూట ఇరవై అప్పడాలు. ఒక్కటి మిగల్లేదు.”

అందరూ నవ్వారు. ఎవరో అడిగారు. “ఏ ఎపిసోడ్ అండీ?”

“నూట నలభై ఒకటి.”

ఒక్కసారిగా అందరూ నోరు మూసుకున్నారు. మూడు వందల పద్దెనిమిదిలో ఇప్పుడు దొరకనిది అదొక్కటే. స్టూడియో గదిలోకి సముద్రం వచ్చినప్పుడు పోయింది. అందులో ఏముందో చెప్పేవాళ్ళు లేరు. అద్దాల్లో ఏమీ కనబడకపోవడం కూడా సరిపోయింది. ఒకాయన చెప్పులు విప్పి మరీ గోడను తాకాడు.

ఆ సైకిల్ నాది. అప్పడాలు బంగారమ్మత్తవి. మోకాలి మీద మచ్చ ఇప్పటికీ ఉంది. నేను పడ్డప్పుడు వెనకనుంచి ఎవరూ నవ్వలేదు, మా అమ్మ వచ్చి రెండు అంటించింది. వాళ్ళు ఆ గోడను నిమురుతుంటే నేను తల తిప్పుకున్నాను. పలక మీద అంకె మాత్రం పన్నెండు వేలు దాటింది.

నడక 1141. పోటు మధ్యాహ్నం 1:30.

ఇప్పుడు పోటు ఉన్నా లేకపోయినా మా వీధి మీదుగానే తీసుకెళ్తున్నాను. ఈరోజు అప్పడాల దగ్గరికి రాగానే అరుగు మీద కూర్చున్న బంగారమ్మత్త నోరు తెరిచింది. ఆమెకు డెబ్బై రెండేళ్ళు. నోరు తెరిస్తే మూసే అలవాటు లేదు.

“ఓలమ్మో! పరిమళేటే? పడింది నువ్వు కాదేటే? నా అప్పడాలన్నీ పొడి సేసీసినావు కదే!”

గబగబా ఆమెకు అడ్డంగా వచ్చి నిలబడ్డాను. అదృష్టం బాగుండి ఆ గుంపులో అందరూ ఒరియా వాళ్ళు. అద్దాలు చెప్పే అనువాదం వింటున్నారు, నా మాటలకు తప్ప అది పలకదు. నడక అయ్యాక పెట్టె తీసేసి తిరిగొచ్చి అత్తకు కాగితం చదివి వినిపించాను. పలక మీద అంకె చూపించాను. కొండ వెనక పెట్టె ఇళ్ళ గురించి చెప్పాను.

 ఆమె అంతా విని అంది. “ఒక్కొక్కల్నీ ఒక్కో కాడ ఎడతారేటి? నాకు పొద్దున్నే నీ మొకం సూడకపోతే కాపీ దిగదు కదే.”

సాయంత్రం నడకలో ఆమే లేచి నిలబడి గుంపుకు ఎదురొచ్చింది. “షూటింగు నా కళ్ళతో సూసినాను బాబూ. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. ఆ పిల్ల అలగ గాల్లో ఎగిరొచ్చి నా అప్పడాల మీద పడిపోనాది. ఎంత సక్కని పిల్లో! తెల్లగా, మల్లెమొగ్గనాగ.”

నేను పడ్డ రోజు ఆమె నన్ను ఏమని తిట్టిందో నాకు గుర్తుంది. మల్లెమొగ్గ అని మాత్రం కాదు.

నడక 1163. పోటు ఉదయం 7:50.

అంకె మూడు లక్షల డెబ్బై వేలు.

ఇరవై రెండు నిమిషాల ఎపిసోడ్‌లో నా నలభై ఏడేళ్ళను కుక్కాల్సి వస్తోంది. అప్పడాల గోడ అయిపోయింది. నేను బడి ఎగ్గొట్టి దాక్కున్న ఉప్పు కొట్టు ఇచ్చేశాను. తప్పిపోయిన మేకపిల్లను వెతుకుతూ వెళ్ళి, దాంతోపాటు నేనూ ఇరుక్కుపోయిన ఇనుప గేటు ఇచ్చేశాను. రోజుకొకటి అడుగుతున్నారు, నేను రోజుకొకటి ఇస్తున్నాను. ఇచ్చిన ప్రతిదీ మరుసటి రోజుకల్లా పరిమళది అయిపోతోంది. గేటు దగ్గర ఇవాళ ఒక పాప, “పరిమళ ఇంత సన్నగా ఉంటేనే ఇరుక్కుంది, మీరైతే అసలు పట్టరు,” అంది. వాళ్ళమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. గైడ్లు నవ్వాలి.

కళ్ళల్లో నిప్పులు పోసుకుంటున్నానని నాకు తెలుసు. లేని మనిషి మీద పోసుకోవడం ఇంకా సిగ్గుచేటు. కానీ ఒప్పుకోవడానికి ఇక్కడ సిగ్గేమిటి? ఆమె పడితే నవ్వు, నేను పడితే దెబ్బలు. ఆమె తప్పు బస్సెక్కితే ఆ బస్టాండుకు గోడ. నేను రోజూ సరైన బస్సే ఎక్కాను, ఎవరు పట్టించుకున్నారు?

ఒక్కటి మాత్రం ఇవ్వలేదు. వీధి చివర కుళాయి. ఎవరడిగినా, “అది ఉత్త కుళాయేనండీ” అని దాటించేస్తున్నాను. అది నాది. అక్కడ పరిమళ అడుగు పెట్టనివ్వను.

నడక 1182. పోటు ఉదయం 11:20.

పలక ఆగిపోయింది. ఆరు లక్షల పది వేల దగ్గర అంకె కదలడం మానేసింది. స్తంభానికి కొత్త కాగితం. ఉప్పుకొట్ల వీధిలో పరిమళ నడిచిందనడానికి రుజువు లేదని బోర్డు అనుమానం, అబద్ధం చెప్పి రప్పించిన అడుగులు చెల్లవట. పరిమళ పరిషత్తు, అంటే ఆమె అభిమానుల సంఘం, వచ్చి చూసి సంతకం పెడితే పలక మళ్ళీ నడుస్తుంది. లేకపోతే ఉన్న ఆరు లక్షలూ కొట్టేస్తారు.

పరిషత్తు పంపేది ఎవరినో ఇవాళే తెలిసింది. కామేశం గారు. రామచంద్రపురం ఆయన, అరవై రెండేళ్ళు ఉంటాయి. ఏటా నా నడకకు వస్తారు, నేను ఒక్క మాట తప్పు చెప్పినా చెయ్యి ఎత్తుతారు. మూడు వందల పద్దెనిమిదీ వచ్చినప్పుడే, ఒక్కటీ వదలకుండా చూసి, ఇంకా బతికున్న మనిషి ఆయనొక్కరే. నూట నలభై ఒకటి చూసినందుకు పరిషత్తు వాళ్ళు వెండి పతకం కూడా ఇచ్చారు. అందులో ఏముందో చెప్పమని ఎంతమంది బతిమాలినా, “చెబితే మజా పోతుందండీ,” అని చిన్నగా నవ్వి ఊరుకుంటారు.

ఆయనకు తెలియకుండా అబద్ధం చెప్పే మార్గమే లేదు. సన్యాసిరావుకు చెప్పాను.

“నిజం సెప్పీ,” అన్నాడు.

“నిజం చెబితే వీధి పోద్ది.”

“అబద్దం సెప్పినా ఆయనకు తెలిసిపోద్ది కదే. అయితే ఆయనకు నచ్చీలాగ సెప్పు.” అనేసి పానాల సంచీ భుజాన వేసుకుని పోయాడు. ఈ మనిషి పంపు బాగుచేయడం తప్ప ఇంకేదీ కష్టం అనుకోడు.

నడక 1184. పోటు మధ్యాహ్నం 12:45.

కామేశం గారు వచ్చారు. ఇస్త్రీ చొక్కా, చొక్కాకు పతకం, చేతిలో బోర్డు కాగితం. వెనక ఇరవై ఆరు మంది. నేను అప్పడాల గోడ చూపించాను. ఆయన తల ఊపలేదు. ఉప్పు కొట్టు చూపించాను, ఊపలేదు. మేకపిల్ల గేటు దగ్గర కళ్ళద్దాలు తుడుచుకున్నారు. బంగారమ్మత్త తెల్లని మల్లెమొగ్గ గురించి చెబుతుంటే మర్యాదగా విన్నారు, కానీ కాగితం మీద కలం పెట్టలేదు.

“అన్నీ బాగానే ఉన్నాయండీ నూకరత్నం గారూ,” అన్నారు. “కానీ ఇవన్నీ ఎవరికైనా జరుగుతాయి. పరిమళకే జరగాల్సింది ఒకటి ఉండాలి కదండీ. ఎపిసోడ్‌కి గుండెకాయ లాంటిది. అది చెప్పండి.”

 అత్త నా వైపు చూస్తోంది. వీధి చివర కుళాయి పక్కన గుంతలో దిగి సన్యాసిరావు ఏదో వాల్వు బిగిస్తున్నాడు, తల మాత్రమే కనబడుతోంది. ఆరు లక్షల అడుగులు, అత్త కాఫీ, నా నలభై ఏడేళ్ళు. ఇంక దాచడానికి దారి లేదు.

“కుళాయి దగ్గరికి రండి,” అన్నాను.

చెప్పేశాను. “ఈ కుళాయి పాడైంది. బాగుచేయడానికి ఒక కుర్రాడు వచ్చాడు. పది నిమిషాల పని. అతను పొద్దున్న వచ్చి సాయంత్రం దాకా విప్పాడు, బిగించాడు, మళ్ళీ విప్పాడు. రెండో రోజూ అంతే. వీధివాళ్ళంతా చేతకానివాడని తిట్టిపోశారు. పరిమళ రోజూ రెండు బిందెలతో వచ్చి నిలబడేది, రోజూ ఖాళీ బిందెలతో వెళ్ళేది. మూడో రోజు ఆ కుర్రాడు ఆమెతో మొదటిసారి మాట్లాడాడు. ‘ఇంక బాగుచెయ్యకపోతే నా ఉద్యోగం పోతుంది. బాగుచేస్తే రేపటినుంచి నువ్వు కనపడవు. ఏం చెయ్యమంటావు?’ అన్నాడు. పరిమళ కాసేపు ఆలోచించి చెప్పింది. ‘బాగు చెయ్యి. మా ఇల్లు ఆ మూల.’”

ఎవరూ నవ్వలేదు. ఒకామె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.  గుంతలో పానా చప్పుడు ఆగిపోయింది.

నేను కామేశం గారి మొహం చూడలేక కుళాయి చూస్తూ నిలబడ్డాను. అది ఎపిసోడ్‌లో లేదని ఆయనకు తెలుసు. ఇప్పుడు అంటారు, ఇప్పుడు చెయ్యి ఎత్తుతారు అనుకున్నాను.

“అవునవును,” అన్నారు ఆయన.  “సరిగ్గా ఇదేనండీ. నాకు బాగా గుర్తు. ఆ రోజు పరిమళ నీలం చీర కట్టుకుంది. వెండి అంచు నీలం చీర.”

నేను తల ఎత్తి చూశాను. నీలం చీరేమిటి? ఆ రోజు నాకు పందొమ్మిదేళ్ళు, నేను కట్టుకున్నది పసుపుపచ్చ ఓణీ. ఆయన నా కళ్ళలోకి చూడకుండా గబగబా కాగితం మీద రాస్తున్నారు, చెవులు ఎర్రబడిపోయాయి. అప్పుడు అర్థమైంది. ఈ మహానుభావుడు నూట నలభై ఒకటి చూడనే లేదు. ఆ రోజు కరెంటు పోయిందో, జ్వరం వచ్చిందో, యాభై ఏళ్ళుగా ఆ ఒక్క అబద్ధాన్ని పతకం కింద దాచుకుని తిరుగుతున్నారు. నేను చెప్పింది కాదంటే మరి ఏముందని అందరూ అడుగుతారు. అందుకే అవునన్నారు, నమ్మకం కలగడానికి నీలం చీర కూడా కట్టారు.

సంతకం పెట్టారు. పలక కదిలింది. వెళ్ళేటప్పుడు రెండు చేతులూ జోడించి, “పరిమళని మీరు మాకు మళ్ళీ ఇచ్చారండీ,” అన్నారు. నాకు ఆయన మీద కోపం రాలేదు. కోపమంతా ఆమె మీదే.

మధ్యాహ్నం భోజనం దగ్గర సన్యాసిరావు ఒక్క మాట మాట్లాడలేదు. కంచంలో చెయ్యి కడుక్కుంటూ మాత్రం, “అది కూడా ఇచ్చీసినావేటే?” అన్నాడు.

నడక 1209. పోటు ఉదయం 9:30.

పది లక్షలు దాటింది. నూట నలభై ఒకటి దొరికిందని తెలిసి మిగతా కంపెనీల గైడ్లు కూడా గుంపులు గుంపులుగా తెచ్చారు. గీత రోజు రాకముందే బోర్డు మనిషి వచ్చి వీధి అవతలి చివర నేల మీద ఎర్ర రంగు పూశాడు. మేం లోపల. కుళాయి మీద ఇత్తడి పలక బిగించారు. ‘ఇక్కడే పరిమళ, ఆ మూల ఇల్లు తనదని చెప్పింది.’

వీధంతా బయటికి వచ్చింది. అత్త పాలు పొంగించి పంచింది. “పరిమళ మాతల్లే,” అంది ఇత్తడి పలకకు పసుపు రాస్తూ. “మన ఈధిని నిలబెట్టీసింది.”

“నిలబెట్టింది నేను,” అన్నాను.

“నువ్వూ సెప్పినావులే,” అంది అత్త, నా చేతికి గ్లాసు ఇస్తూ. అరికాలి మంట నెత్తికెక్కింది. ఆమె ఎగతాళికి అనలేదు. అప్పడాల మీద పడింది ఎవరో ఆమె నిజంగానే మరిచిపోయింది.

సన్యాసిరావు మాత్రం ఇరవై ఐదు నడకలుగా నాతో అవసరానికి మించి మాట్లాడ్డం లేదు.

నడక 1214. పోటు మధ్యాహ్నం 2:40.

కంపెనీ వాళ్ళు అద్దాల్లోకి కొత్త బొమ్మ ఎక్కించారు. నా మెడలోని పెట్టె విన్నదంతా తీసి, కామేశం గారి కాగితం కలిపి తయారుచేశారు. ఉదయం నడకలో మొదటిసారి చూశాను. నా గోడకు పరిమళ గుద్దుకుంటోంది. నా మేకపిల్లతో పరిమళ ఇరుక్కుంటోంది. కుళాయి దగ్గర వెండి అంచు నీలం చీర కట్టుకుని, రెండు బిందెలు పట్టుకుని, నడుము ఒక పక్కకు వంచి నిలబడి ఉంది. ఎదురుగా గిరజాల జుట్టు అందగాడొకడు. ‘బాగుచేస్తే రేపటినుంచి నువ్వు కనపడవు’ అనగానే వెనకనుంచి ఆ పాత నవ్వులు. ఆ రోజు ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. నేను సరిగ్గా ఊపిరి కూడా తీసుకోలేదు.

పదకొండున్నరకు గుంపు వెళ్ళిపోయింది. వీధిలో ఎవరూ లేరు. సన్యాసిరావు వచ్చి చెయ్యి చాపాడు.

“ఒకపాలి ఇలగియ్యి, సూస్తాను.”

అద్దాలు ఇచ్చాను. ఇవ్వకుండా ఉండాల్సింది. ఆయన కుళాయికి ఎదురుగా నిలబడి చూస్తున్నాడు, నేను ఆయన్ని చూస్తున్నాను. పెదవుల మీద చిన్న నవ్వు వచ్చింది. అయిపోయాక మళ్ళీ మొదటినుంచి పెట్టుకున్నాడు. నా మొగుడు, నా కుళాయి, నా మాట, అటువైపు ఆ నీలం చీర. ఇరవై ఎనిమిదేళ్ళ సంసారంలో ఆయన మీద ఎప్పుడూ రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది. అద్దాలు లాగి నేలకేసి కొట్టాలనిపించింది.

రెండోసారి కూడా అయ్యాక ఆయన అద్దాలు తీసి నా చేతిలో పెట్టాడు.

“ఈ పిల్లెవుర్తో నాకు తెల్దే,” అన్నాడు.

నేను అద్దాలు కొంగుతో తుడుస్తూ నిలబడ్డాను.

“నీలం సీరేటి? ఆ రోజు నువ్వు పసుప్పచ్చ ఓణీ ఏసుకున్నావు. ఎడం బుజం కాడ సిరిగితే పిన్నీసు ఎట్టుకున్నావు. ఆ పిన్నీసు ఒంకరైపోయి ఉంది. అది ఎప్పుడు గుచ్చుకుంటాదో అని నాను పానా వొదిలీసి అదే సూస్తన్నాను. ఇంకేటి బాగుసేస్తాను?”

ఓణీ నాకు గుర్తుంది. చిరుగు గుర్తుంది. పిన్నీసు నాకు గుర్తు లేదు. అసలు గుర్తే లేదు. అది నేను ఎవరికీ చెప్పలేదు కాబట్టి ఏ పెట్టె దగ్గరా లేదు, ఏ కాగితంలోనూ లేదు. ఇన్నేళ్ళూ ఈ మనిషి దగ్గరే ఉంది. నా కళ్ళు నిండిపోయాయి, దాచుకోలేదు.

“మరి ఇన్నాళ్ళూ మాట్లాడకుండా...”

“నువ్వు దాన్ని పరిమళకి ఇచ్చీసినావు కదా. కోపం వొచ్చింది. ఈది కోసమే అని తెల్సు. అయినా వొచ్చింది.” గుమ్మం వైపు తిరిగాడు. “పద లోపలికి. ఇంకోటి సెప్తాను. కుళాయి కాడ నాలుగో రోజు జరిగింది. నీకు తెల్దు. ఎవులికీ సెప్పలేదు. ముందు ఆ పెట్టె తీసీ, నువ్వు ఏటన్నా ఇంటాది.”

మాటల పెట్టె మెడలోంచి తీశాను. బియ్యం డబ్బాలో అడుగుదాకా కూరి, మూత బిగించి, మూత మీద రోలు పెట్టాను. ఆయన నవ్వాడు. తర్వాత గుమ్మం దగ్గర కూర్చుని చెప్పాడు.

ఏం చెప్పాడో ఇక్కడ రాయను. నా నోటినుంచి బయటపడినవన్నీ పరిమళవి అయిపోయాయి, కాగితం మీద పడినవి కావని నమ్మకమేమిటి? పెద్ద విషయమేమీ కాదు. పంపులు బాగుచేసేవాడు చెప్పే మాటే. వింటూ ఉంటే నాకు మళ్ళీ పందొమ్మిదేళ్ళు వచ్చాయని మాత్రం రాసుకుంటాను.

మూడున్నరకు ముప్పై ఎనిమిది మంది వచ్చారు. పోటు తీస్తోంది, వీధి తడిగా ఉంది. కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి ఎప్పటిలాగే చెప్పాను, నీలం చీరతో సహా. అందరితో పాటు నేనూ అద్దాలు పెట్టుకుని చూశాను. బిందెలు పట్టుకుని పరిమళ ఎంత అందంగా నిలబడిందో. ఆమెకు అన్నీ తెలుసు. నాలుగో రోజు సంగతి మాత్రం తెలియదు. కుళ్ళుకోనీ.